బావిలోంచి గంట మోగింది

శుక్రవారం తెల్లవారుజాము, దాదాపు అయిదు గంటలు. 1866 డిసెంబరు 14. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బార్న్స్‌లీ అనే సంత ఊరికి మైలున్నర దూరంలో, ఓక్స్ బొగ్గుబావి గట్టు మీద కొందరు కాపలా ఉన్నారు. దేనికి కాపలా అంటే వాళ్ళయినా చెప్పలేకపోదురు. రెండు రోజుల్లో ఆ బావి మూడుసార్లు పేలింది. లోపల మూడు వందల ముప్ఫై మందికి పైగా ఉన్నారు. ఉన్నారన్నది మాటవరసకే. ఒక్కరు కూడా బతికి ఉండరని పెద్దలు, ఇంజనీర్లు ముందురోజే ఆశ వదులుకున్నారు.

అప్పుడు గంట మోగింది.

చర్చి గంట కాదు. బావి అడుగున మనిషి తీగ లాగితే పైన మోగే గంట. సింగరేణి బాయిల్లో పనిచేసినవాళ్ళకి ఆ గంట భాష చెప్పక్కర్లేదు. మనుషులెక్కే కేజ్‌ను పైకి లాగమన్నా, ఆపమన్నా, మనిషి వస్తున్నాడని చెప్పాలన్నా గంటలతోనే. అయితే ఇక్కడ గంట కొట్టడానికి అడుగున మనిషి ఉండకూడదు. రెండో పేలుడు జరిగి ఇరవై గంటలయింది. కింద గాలి అంతా విషం.

ఆ గంట కొట్టిందెవరో తెలుసుకోవాలంటే రెండు రోజులు వెనక్కి, బుధవారానికి వెళ్ళాలి.

బార్న్స్‌లీకి బుధవారం మామూలు వారం కాదు. 1249లో మూడో హెన్రీ రాజు ఆ ఊరికి రాజపత్రం ఇచ్చాడు. వారానికోసారి, బుధవారం నాడు, సంత చేసుకోవచ్చని, ఏటా సెయింట్ మైకేల్ పండుగకు నాలుగు రోజుల తిరునాళ్ళ పెట్టుకోవచ్చని అందులో ఉంది. అంతకు ముందే, 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఊరి పేరు కనిపిస్తుంది. మూడు దారులు కలిసేచోట పుట్టిన ఊరు. మన దగ్గరా సంత ఊళ్ళు అలాగే పుడతాయి కదా. ఒక క్రైస్తవ మఠం వాళ్ళ పెంపకంలో పెరిగి, తీగలు సాగదీసే పని నేర్చుకుంది. తర్వాత నార బట్టల మగ్గాలు వచ్చాయి, గాజు కొలుములు వచ్చాయి. పంతొమ్మిదో శతాబ్దం సగానికొచ్చేసరికి వీటన్నిటి మీదా బొగ్గు మసి పరుచుకుంది.

ఆ ఊరి కింద ఉన్న బొగ్గు పొరకు ఊరి పేరే పెట్టారు, బార్న్స్‌లీ పొర అని. మనిషి ఎత్తును దాటిన మందం. వేరే సీమల్లో పడుకునీ పాక్కునీ తవ్వుకునే కార్మికుడికి అలాంటి పొర వరం. అయితే వరంతోపాటు శాపం కూడా అదే పొరలో ఉంది. దాన్ని తవ్వుతుంటే గ్యాస్ ఊటలా వచ్చేది. రంగు, వాసన లేని మీథేన్. దానికి పిల్లకాయలు కూడా భయపడేవాళ్ళు.

పిల్లకాయలంటే అలంకారం కోసం అన్న మాట కాదు. ఆ చుట్టుపక్కల బావుల్లో పిల్లలు నిజంగానే పనిచేసేవారు. 1838 జులై 4న బార్న్స్‌లీ పక్కనున్న సిల్క్‌స్టోన్‌లో, హస్కర్ గనిలో, కుండపోత వానకు వాగు పొంగి గని దారిలోకి దూకితే 26 మంది పిల్లలు కొట్టుకుపోయి చచ్చిపోయారు. పదకొండు మంది ఆడపిల్లలు, పదిహేను మంది మగపిల్లలు. చిన్నవాళ్ళకు ఏడేళ్ళు, పెద్దవాళ్ళకు పదిహేడు. దేశం ఒక్కసారి ఉలిక్కిపడింది. కమిషన్ వేశారు. 1842లో చట్టం వచ్చింది: ఆడవాళ్ళు, పదేళ్ళలోపు మగపిల్లలు గనిలోకి దిగకూడదు. పదో ఏడు నిండినవాడు దిగవచ్చన్నమాట. 1866 నాటికి ఓక్స్ బావిలో పనిచేస్తున్న కుర్రాళ్ళు ఆ చట్టం నీడలో పెరిగినవాళ్ళే.

ఓక్స్ చిన్న గని కాదు. ఫర్త్, బార్బర్ కంపెనీ వాళ్ళది. పావు కిలోమీటరు లోతు. మూడు బావులు: రెండింటి గుండా మనుషులు, బొగ్గు, తాజా గాలి, మూడోదాని గుండా పాడుగాలి బయటికి. ఆ గాలిని లాగడానికి అడుగున ఒక పెద్ద కొలిమి మండుతూ ఉండేది. వేడిగాలి పైకెక్కితే దాని వెనకే గని అంతటి గాలీ కదులుతుందని లెక్క. గ్యాస్ నిండిన గనిలో అనుక్షణం మండే కొలిమి! ఇవాళ చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ ఆనాటికి అదే పద్ధతి, దేశమంతా.

చట్టం తప్పారా అంటే అదీ లేదు. నాలుగేళ్ళ ముందు, 1862లో, హార్ట్లీ గనిలో ఉన్న ఒక్కగానొక్క బావి మూసుకుపోయి 204 మంది చనిపోతే, ప్రతి గనికీ కనీసం రెండు దారులుండాలని శాసించారు. ఓక్స్‌కు మూడున్నాయి. సేఫ్టీ ల్యాంపులున్నాయి. కాకపోతే 1847లో ఇదే ఓక్స్ ఒకసారి పేలి 73 మందిని మింగిందన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఎనిమిది మైళ్ళు దాటకుండానే, 1857లో, లండ్‌హిల్ గని పేలి 189 మంది పోయిన సంగతీ తెలుసు. తెలిసీ రోజూ పొద్దున్నే ఆరింటికి షిఫ్టుకు దిగారు. దిగక చేసేదేముంది?

ఆ బుధవారం షిఫ్టులో దాదాపు 340 మంది దిగారు.

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలు. ఇంకో గంట గడిస్తే షిఫ్టు దిగిపోతుంది. ముఖాలు కడుక్కుని ఇళ్ళకు పోయేవాళ్ళు. అప్పుడు భూమి అదిరింది. బావుల నోళ్ళలోంచి పొగ, దుమ్ము స్తంభాల్లా లేచాయి. ఒక బావిలోని కేజ్‌ను పేలుడు పైకి విసిరికొట్టింది. ఊళ్ళో ఎవరికీ కబురు పంపక్కర్లేకపోయింది. ఆ చప్పుడు, ఆ పొగే కబురు. సంత రోజున బేరమాడుతున్న చేతులు ఆగిపోయి ఉంటాయి. ఆడవాళ్ళు గని వైపు పరుగెత్తారు. చంకలో పిల్లలతో.

కొద్దిసేపటికే కొత్త కేజ్ తగిలించి మొదటి బృందం దిగింది. గని యజమానుల్లో ఒకడైన థామస్ డైమండ్ ఉన్నాడందులో. యజమాని స్వయంగా దిగడం ఆ కాలంలోనూ, ఈ కాలంలోనూ అరుదైన విషయమే కాబట్టి ఆ పేరు రాస్తున్నాను. గని లోపలి పని చూసే డేవిడ్ ట్యూవర్ట్ ఉన్నాడు. అడుగున, బావి దగ్గరలో, ఓ ఇరవై మంది ప్రాణాలతో దొరికారు. ఒళ్ళంతా కాలినవాళ్ళు. వాళ్ళను పైకి పంపారు. చివరికి బతికినవాళ్ళు ఆరుగురు. అంతకు మించి లోపలికి వెళ్ళేకొద్దీ శవాలే. కొందరు మంటకు కాలిపోయారు, చాలామందిని పేలుడు తర్వాత మిగిలే విషవాయువు చంపింది. కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్ళ ముఖాలు ప్రశాంతంగా, నిద్రపోతున్నట్టుంటాయి. దొరికిన కొన్ని శవాలను రాత్రంతా పైకి చేరవేస్తూనే ఉన్నారు.

దగ్గరి గనుల ఇంజనీర్లకు తంతి వెళ్ళింది. డెర్బీషైర్ నుంచి పార్కిన్ జెఫ్‌కాక్ వచ్చాడు. ముప్ఫై ఏడేళ్ళ గని ఇంజనీరు. ఆ రాత్రే దిగాడు. దిగినవాడు మళ్ళీ పైకి రాకుండా తెల్లవార్లూ అక్కడే ఉన్నాడు, కూలిపోయిన గాలి దారులను సరిచేయిస్తూ. గాలి ఆడితే తప్ప మిగిలినవాళ్ళ దాకా పోవడం కుదరదు. అయితే గాలి ఆడిందంటే ఎక్కడో మండుతున్న నిప్పుకు కూడా అందుతుంది. గని ఇంజనీర్లందరికీ తెలిసిన పీటముడి ఇది.

ఇలాంటి గాథల్లో ఇక్కడ ఒక వీరోచితమైన డైలాగు పెట్టడం రివాజు. నేను పెట్టను. ఒంటి మీద కోటు, చేతిలో దీపం తప్ప ఏ పరికరమూ లేని రోజుల్లో, అప్పుడే పేలిన గనిలో, ఎవరూ బలవంతం చేయకుండా రాత్రంతా ఉన్న మనిషికి నేను మాటలు అరువివ్వక్కర్లేదు.

గురువారం ఉదయం తొమ్మిది కావస్తోంది. లోపల గాలి తీరు మారడం కొందరు పసిగట్టారు. కేజ్‌లో కిక్కిరిసి పైకొచ్చేశారు. మిగిలినవాళ్ళు పనిలోనే ఉన్నారు. అప్పుడు రెండోసారి పేలింది.

సహాయానికి దిగినవాళ్ళలో 27 మంది పోయారు. జెఫ్‌కాక్ పోయాడు. ట్యూవర్ట్ పోయాడు. బావిలోకి కేజ్ దించి పైకి లాగితే ఖాళీగా వచ్చింది. అంచున నిలబడి పిలిస్తే జవాబు లేదు. ఆ సాయంత్రం మూడోసారి పేలింది. ఇక ఎవరినీ దించబోమని పెద్దలు తేల్చేశారు. అదేమీ పిరికి నిర్ణయం కాదు, అప్పటికే రెండు గ్రామాలకు సరిపడా శవాలున్నాయి లోపల.

ఇప్పుడు మళ్ళీ ఆ శుక్రవారం గంట.

గట్టు మీదివాళ్ళు ముందుగా ఒక తాడుకు సీసా కట్టి బావిలోకి వదిలారు. నీళ్ళు కలిపిన బ్రాందీ అందులో. తాడు పైకి లాగితే సీసా లేదు. తీసుకున్నారెవరో. నా మట్టుకు ఈ మొత్తం కథలో గుండె ఆగేది ఇక్కడే. అందరూ చచ్చిపోయారనుకున్న బావి అడుగున ఒక చెయ్యి సీసాను విప్పుకుంది.

కానీ దిగేదెలా? బావి పైనున్న సరంజామా అంతా పేలుడుకు చెదిరిపోయింది. మనిషి పట్టీ పట్టనంత చిన్న తొట్టి ఒకటి తాడుకు తగిలించారు. జాన్ మమ్మట్, థామస్ ఎంబుల్టన్ అనే ఇద్దరు ఇంజనీర్లు మేం దిగుతామన్నారు. ఎంబుల్టన్ అంటే చిన్న ఎంబుల్టన్, తండ్రిది కూడా అదే పేరు, అదే వృత్తి. విరిగిన గొట్టాల్లోంచి నీళ్ళు వాళ్ళ మీద ధారలుగా పడుతుండగా, ఏ నిమిషాన మళ్ళీ పేలుతుందో తెలియని బావిలోకి ఆ తొట్టిలో వేలాడుతూ దిగారు. గడిచిన రోజే ఇరవై ఏడు మంది ఇలాగే దిగి పోయారన్నది వాళ్ళకు తెలుసు.

అడుగున శామ్యూల్ బ్రౌన్ ఉన్నాడు. గురువారం సహాయానికి దిగిన బృందంలోని మనిషి. రెండో పేలుడుకు స్పృహ తప్పి పడిపోయాడు. మెలకువ వచ్చేసరికి చుట్టూ చీకటి. తడుముకుంటూ బావి దగ్గరికి చేరి గంట తీగ లాగాడు. ఆ చిన్న తొట్టిలోనే ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని పైకొచ్చారు. సహాయ బృందంలో ఆ పేలుడు వేళ లోపల ఉండి బతికి బయటపడ్డది అతనొక్కడే.

మమ్మట్‌కూ ఎంబుల్టన్‌కూ పతకం ఇచ్చారా అని అడగొచ్చు. ఇంగ్లండులో సాహసానికి అప్పట్లో ఇచ్చే ఆల్బర్ట్ పతకం సరిగ్గా ఆ 1866లోనే పెట్టారు. కాకపోతే సముద్రంలో ప్రాణాలు కాపాడినవాళ్ళకే. నేల మీద, నేల కింద చేసిన సాహసానికి దాన్ని వర్తింపజేసింది 1877లో. పదకొండేళ్ళు ముందు దిగారు వీళ్ళు.

బ్రౌన్ పైకొచ్చాక ఇంకెవరికైనా ఆశ మిగిలిందేమో. అయితే గని మండుతూనే ఉంది, పేలుతూనే ఉంది. చివరికి బావుల నోళ్ళు పూడ్చేశారు. గాలి అందకపోతే నిప్పు చస్తుంది, అది శాస్త్రం. శాస్త్రం సరైనదే, కానీ గట్టు దగ్గర నిలబడ్డ తల్లికి ఆ మట్టి ఏమిటో చెప్పక్కర్లేదు. ఏడాదికి గానీ మళ్ళీ తెరవలేదు. ఆపైన ఏళ్ళ తరబడి శవాలు దొరుకుతూ వచ్చాయి. చాలామంది దొరకనేలేదు.

విచారణ జరిగింది. గనిలో రాతి దారి ఒకటి మందు పెట్టి పేలుస్తూ తొలుస్తున్నారు. ఆ మందు పేలుడే గ్యాస్‌ను అంటించిందేమోనని చాలామంది అనుమానం. జ్యూరీ మాత్రం ఏది కారణమో తేల్చలేకపోయింది. అప్పటికి దేశమంతటి గనులకూ ఇన్‌స్పెక్టర్లు పన్నెండు మంది. చనిపోయినవాళ్ళ కుటుంబాల కోసం నిధి పెట్టారు, విక్టోరియా రాణి 200 పౌన్లు పంపింది. వితంతువులకు, పిల్లలకు కొంత సొమ్ము వచ్చింది. చేతికొచ్చిన కొడుకు సంపాదించిన దానితో పోల్చదగ్గది కాదు.

ఆరేళ్ళకు, 1872లో, గనుల నిర్వహణకు గట్టి చట్టం వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న మేనేజరే గనిని నడపాలని అందులో ఉంది. 1902లో బార్న్స్‌లీ దగ్గర టాంకర్స్లీలో బ్రిటన్‌లోకెల్లా మొదటి గని సహాయ కేంద్రం తెరిచారు, ఊపిరి పరికరాలతో, శిక్షణ పొందిన మనుషులతో. ఓక్స్ తర్వాత ముప్ఫై ఆరేళ్ళకు. ఇవాళ మన సింగరేణిలో ఎక్కడ అపాయం జరిగినా రెస్క్యూ టీమ్ ముసుగులు తగిలించుకుని దిగుతుంది. ఆ పద్ధతి ఇలాంటి చోట్ల, ఇలా ఆలస్యంగా మొదలైంది.

చనిపోయినవాళ్ళ లెక్క 361 అని రాసుకున్నారు. మొదటి పేలుడుకు 334, రెండోదానికి 27. 1913లో వేల్స్‌లో సెంఘెనిడ్ గని 439 మందిని మింగేదాకా బ్రిటన్‌లో ఇదే అన్నిటికన్నా పెద్ద గని ప్రమాదం. ఇంగ్లండు మట్టుకు ఇప్పటికీ ఇదే.

ఆ 361 మీద నాకు ముందునుంచీ అనుమానమే. కారణం సింగరేణి భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది: అప్పటికి మస్టర్ పక్కాగా లేదు. పొద్దున బావిలోకి ఎవరెవరు దిగారో పేరు పేరునా రాసుకోవాలని బ్రిటన్‌లో నిబంధన వచ్చింది చాలా తర్వాత. బొగ్గు తవ్వేవాడు తన కింద కుర్రాణ్ని తానే పెట్టుకుని, తన కూలిలోంచి తానే ఇచ్చుకునే అలవాటు ఉండేది. ఆ కుర్రాడి పేరు కంపెనీ పుస్తకంలో ఉండే పని లేదు. దిగినప్పుడు లెక్కలో లేనివాడు, చచ్చినప్పుడు ఎలా లెక్కకొస్తాడు?

ఈ అనుమానం నాది ఒక్కడిదే కాదు. ప్రమాదానికి నూట యాభై ఏళ్ళు నిండుతున్నప్పుడు బార్న్స్‌లీ ప్రాంతపు స్వచ్ఛంద కార్యకర్తలు పాత రికార్డులన్నీ కూర్చుని వెతికారు. చర్చి రిజిస్టర్లు, సమాధి లెక్కలు, పత్రికలు. 2016లో వాళ్ళు తేల్చిన సంఖ్య 383. లోకం ఒకటిన్నర శతాబ్దం పాటు మర్చిపోయిన ఇరవై రెండు పేర్లు బయటికొచ్చాయి. చరిత్ర కాపాడ్డం అంటే పాత కట్టడాలకు సున్నం కొట్టడమని మన దగ్గర అనుకుంటారు. నా దృష్టిలో ఆ ఇరవై రెండు పేర్లు వెతికిన పని ఏ కోట బురుజు మరమ్మతుకూ తీసిపోదు.

తర్వాతి కథ గబగబా చెప్పొచ్చు. ఓక్స్ జాగాలోనే తర్వాత బార్న్స్‌లీ మెయిన్ గని నడిచింది. 1947 జనవరి 1న గనులు జాతీయమయ్యాయి. 1984 మార్చిలో అక్కడికి దగ్గర్లోని కోర్టన్‌వుడ్ గని మూసేస్తారన్న మాట మీద మొదలైన సమ్మె దేశమంతా పాకి ఏడాది నడిచి, ఓడింది. ఆ సమ్మె నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ పుట్టింది బార్న్స్‌లీ పక్క ఊళ్ళోనే. 1991లో బార్న్స్‌లీ మెయిన్ మూతపడింది, 1993లో గ్రైమ్‌థార్ప్. గ్రైమ్‌థార్ప్ గని మూసివేత వార్త వచ్చిన కొద్ది రోజులకే ఆ గని కార్మికుల బ్రాస్ బ్యాండు జాతీయ పోటీలో గెలిచింది. ఆ కథే స్ఫూర్తిగా ‘బ్రాస్డ్ ఆఫ్’ అని సినిమా వచ్చింది. ఇప్పుడు బార్న్స్‌లీలో బొగ్గు లేదు. బార్న్స్‌లీ మెయిన్ గని యంత్రాగారం, దాని మీది చక్రాల గోపురం మాత్రం సంరక్షిత కట్టడంగా నిలబడి ఉన్నాయి. సంత నడుస్తూనే ఉంది. మూడో హెన్రీ పత్రానికి ఇప్పుడు ఏడు వందల డెబ్బై ఏళ్ళు దాటింది.

ఈ ఊరు మనకు తెలియనిది కాదు నిజానికి. 1983లో లార్డ్స్‌లో కపిల్ దేవ్ ప్రపంచ కప్పు ఎత్తిన రోజున తెల్ల టోపీతో అంపైరుగా నిలబడ్డ డికీ బర్డ్‌ది బార్న్స్‌లీయే. గని కార్మికుడి కొడుకు. ఊళ్ళో ఆయన విగ్రహం వేలు ఎత్తి అవుట్ చెబుతూ ఉంటుంది. ఆ వేలికి కుర్రకారు రాత్రిళ్ళు ఏవేవో తగిలించి పోతుంటే దిమ్మె ఎత్తు పెంచాల్సివచ్చింది. ఆ విగ్రహం చేసిన శిల్పి, ఆ ఊరివాడే అయిన గ్రాహం ఇబ్బెసన్, ఓక్స్ మృతుల స్మారకాన్ని కూడా చేశాడు. 2017లో ఆవిష్కరించారు. గని వైపు పరుగెత్తే తల్లి, ఆమె బిడ్డ.

షెఫీల్డ్‌లోనూ లీడ్స్‌లోనూ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. షెఫీల్డ్ నుంచి బార్న్స్‌లీకి రైల్లో అరగంట పట్టదు. డికీ బర్డ్ పక్కన నిలబడి ఫొటో ఎలాగూ దిగుతారు. దిగాక చర్చ్ స్ట్రీట్‌లో ఉన్న ఆ తల్లి దగ్గరికి కూడా ఒకసారి నడవండి, నాలుగడుగుల దూరమే.